కాలేజీ ల్యాబ్‌లో నానోపోర్ మెంబ్రేన్ చేయొచ్చా? దాంతో మన ఉప్పునీళ్లు మంచినీళ్లు అవుతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదండి. మీది మలికిపురం పక్కన ఊరు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది, ప్రాజెక్ట్‌కి నానోపోర్ మెంబ్రేన్లు (నానోమీటర్ల సైజు, అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు కొలతల్లో బెజ్జాలున్న పల్చటి పొరలు) తీసుకుందామనుకుంటున్నారు, మీ కాలేజీలో ఉన్నది ఒక పవర్ సప్లై, ఒక వాటర్ బాత్, నాలుగు బీకర్లు. వీటితో అయ్యే పనేనా అనేది ఒక ప్రశ్న. అది తయారైతే మీ ఊళ్లో బోర్లలో వచ్చే ఉప్పునీళ్లు తాగడానికి పనికొస్తాయా అనేది రెండోది. అసలిది ఫిజిక్స్ వాళ్ల పనేనా, కెమిస్ట్రీ వాళ్లదా అని మూడోది కూడా ఉంది.

ముందు సూటిగా చెప్పేస్తాను. మెంబ్రేన్ చేయొచ్చు, మీ దగ్గరున్న సామానుతోనే చేయొచ్చు. దాంతో ఉప్పు మాత్రం పోదు. ఫిజిక్స్ వాళ్ల పనేనా అంటే నూటికి నూరుపాళ్లు ఫిజిక్స్ వాళ్ల పనే. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్తున్నా, ఎందుకంటే చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోతారు: బెజ్జాలు పెట్టడం ఈ పనిలో సగమే, ఆ బెజ్జం ఎంతుంది, అన్నీ అంతే ఉన్నాయా, మధ్యలో ఎక్కడైనా పెద్ద చిల్లు ఉందా అని రుజువు చేయడం మిగతా సగం, మార్కులు గానీ పేపర్ గానీ వచ్చేది ఆ రెండో సగంలోనే.

నేను పాలకొల్లు దగ్గర పెరిగినవాణ్ణే, చాలా ఏళ్లుగా ఈ మెంబ్రేన్ల మీదే పని, అల్యూమినియం ఆక్సైడ్‌వీ చేశాను, అయాన్ బీమ్‌తో ప్లాస్టిక్ ఫిల్మ్‌లోవీ చేశాను. కాబట్టి మన నేలకి, మన నీళ్లకి ఏం ఇబ్బందులొస్తాయో కూడా కలిపి చెప్తాను.

ఉప్పు ఎందుకు పోదు

నీళ్లలో కరిగిన సోడియం అయాన్ ఒంటరిగా ఉండదు, చుట్టూ నీటి అణువుల్ని అంటించుకుని తిరుగుతుంది, ఆ మొత్తం కలిపినా అడ్డం సుమారు 0.7 నానోమీటర్లు. క్లోరైడ్ కూడా దాదాపు అంతే. మీరు కాలేజీలో చేయగలిగే మెంబ్రేన్‌లో బెజ్జం 30 నుంచి 80 నానోమీటర్లు ఉంటుంది. బొచ్చె చేపల వల వేసి రొయ్య పిల్లల్ని ఆపాలనుకోవడమే అది, దర్జాగా దాటిపోతాయి.

ఇక్కడ కొంచెం చదివినవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు: బెజ్జం గోడ మీద చార్జ్ ఉంటుంది కదా, సైజు పెద్దదైనా చార్జ్ అయాన్లని తోసెయ్యదా అని. మంచి ప్రశ్నే. తోస్తుంది, కానీ గోడ చార్జ్ ప్రభావం నీళ్లలోకి ఎంత దూరం పాకుతుందనేది ఆ నీళ్లలో ఎంత ఉప్పుందో దాని మీద ఆధారపడుతుంది, దీన్నే డిబై లెంత్ అంటాం. లీటరుకి ఒక మిల్లీమోల్ ఉప్పుంటే అది 10 నానోమీటర్ల దాకా ఉంటుంది, 100 మిల్లీమోల్స్ అయితే 1 నానోమీటర్, సముద్రపు నీళ్లయితే అర నానోమీటరు కూడా ఉండదు. అంటే 40 నానోమీటర్ల బెజ్జంలో సముద్రపు నీళ్లు పోస్తే గోడ పక్కన పల్చటి పొర తప్ప మధ్యంతా తలుపులు బార్లా తీసున్నట్టే. ఉప్పుని ఆపాలంటే ఆర్వో పొరే కావాలి, అందులో అసలు బెజ్జాలంటూ ఉండవు, పాలిమర్ గొలుసుల మధ్య నానోమీటరు కన్నా తక్కువ సందులుంటాయి, అందులోంచి నీళ్లని నెట్టాలి. సముద్రపు నీళ్ల ఆస్మాటిక్ ప్రెషరే 27 బార్ల దాకా ఉంటుంది, దాన్ని దాటి పంప్ చేస్తే గానీ మంచినీళ్లు ఇవతలకి రావు.

ఇంకో లెక్క కూడా చూడండి, ఇది నేను ప్రతి ఏడాదీ కొత్త పిల్లల చేత వేయిస్తాను. 40 నానోమీటర్ల బెజ్జాలు, 50 మైక్రాన్ల మందం, చదరపు సెంటీమీటరుకి సుమారు 1150 కోట్ల బెజ్జాలు, ఒక బార్ ప్రెషర్. సన్నటి గొట్టంలో ప్రవాహాన్ని లెక్కగట్టే ప్వాజోయ్ సూత్రంలో పెడితే గంటకి 5 మిల్లీలీటర్ల నీళ్లు వస్తాయి. ఒక టీ చెంచాడు. అదీ ఏ మురికీ పట్టకుండా ఉంటే. 20 లీటర్ల డబ్బా నిండాలంటే 160 రోజులు. నీళ్ల ప్లాంట్ మాట మర్చిపోవాలని ఈ లెక్కే చెప్పేస్తోంది. మీ ఊరి అవసరం నాకు తెలుసండి, వేసవిలో కాలవ కట్టేస్తే మంచినీళ్ల చెరువు ఎంతకాలం వస్తుందా అని చూసే ఊళ్లే అటువైపంతా, సముద్రం పక్క ఊళ్లలో బోరు వేస్తే ఉప్పే. అందుకే ప్రాజెక్ట్ రిపోర్టులో మాత్రం 'ఉప్పునీటి సమస్యకు పరిష్కారం' అని దయచేసి రాయకండి. ఊళ్లో జనం నిజమనుకుంటారు.

మరి దేన్ని ఆపుతుంది

బాక్టీరియాని ఆపుతుంది. ఈ.కోలై అనే బాక్టీరియా అడ్డం అర మైక్రాను, అంటే 500 నానోమీటర్లు, పొడవు ఒకటి రెండు మైక్రాన్లు. రోటా వైరస్ 70 నానోమీటర్ల పైన ఉంటుంది, పోలియో వైరస్ 30 దగ్గర. మనవైపు రొయ్యల చెరువుల వాళ్లకి నిద్రలేకుండా చేసే తెల్లమచ్చ వైరస్ ఉంది చూశారా, అది అడ్డంగా 80 నుంచి 120 నానోమీటర్లు, పొడవు 250 నుంచి 380. రొయ్యలకే పట్టే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి స్పోర్ సుమారు ఒక మైక్రాను. బెజ్జం 40 నానోమీటర్లుంటే పోలియో వైరస్ తప్ప ఇవన్నీ మీ మెంబ్రేన్ ఆపగలిగిన సైజులే. ఎకరాల చెరువు నీళ్లని వడకట్టడం అయ్యే పని కాదు, పైన టీ చెంచా లెక్క చూశారు కదా. కానీ పరీక్ష కోసం పనికొస్తుంది. పది మిల్లీలీటర్ల చెరువు నీళ్లు వడకట్టి, పైన ఆగినవాటికి రంగు వేసి మైక్రోస్కోప్ కింద లెక్కపెట్టొచ్చు. సముద్రపు నీళ్లలో బాక్టీరియా లెక్కపెట్టడానికి 0.2 మైక్రాన్ల పాలికార్బనేట్ మెంబ్రేన్లు 1970ల నుంచీ వాడుతున్నారు, ఎందుకంటే వాటి మీద తలం నున్నగా ఉంటుంది, ఆగినవన్నీ పైనే కనబడతాయి, పీచు ఫిల్టర్ పేపర్‌లో అయితే లోపలికి దూరిపోతాయి. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల ఉన్నన్ని రొయ్యల చెరువులు ఉన్నచోట ఉంటూ ఈ కోణం వదులుకోవద్దంటాను.

మొదటి దారి: అల్యూమినియం

మీకు నేను చెప్పేది ఇదే. మంచి శుభ్రమైన అల్యూమినియం రేకుని ఆక్సాలిక్ యాసిడ్‌లో ముంచి, దాన్ని ప్లస్‌కి కలిపి, ఎదురుగా గ్రాఫైట్ కడ్డీ మైనస్‌కి పెట్టి 40 వోల్టులు ఇస్తే, పైన ఆక్సైడ్ పొర పెరుగుతుంది, ఆ పొరలో నిలువుగా, వరసగా, షడ్భుజాకారపు గదుల్లో బెజ్జాలు వాటంతటవే ఏర్పడతాయి. ఈ గదుల నిర్మాణాన్ని 1953లో కెల్లర్, హంటర్, రాబిన్సన్ అనే ముగ్గురు వివరించారు. ఇలా కరెంటుతో ఆక్సైడ్ పెంచడాన్నే ఆనోడైజ్ చేయడం అంటాం. 1995లో జపాన్‌లో మసుదా, ఫుకుదా ఎక్కువసేపు ఆనోడైజ్ చేస్తే వరసలు చక్కగా వస్తాయని చూపించారు, 1996లో మసుదా, సతో రెండుసార్లు ఆనోడైజ్ చేస్తే ఇంకా చక్కగా వస్తాయని చూపించారు, అప్పట్నుంచీ ప్రపంచమంతా అదే పద్ధతి.

గుర్తు పెట్టుకోవాల్సిన సంఖ్య ఒకటే: ఒక వోల్టుకి సుమారు 2.5 నానోమీటర్లు. 40 వోల్టులకి బెజ్జానికీ బెజ్జానికీ మధ్య 100 నానోమీటర్లు. సల్ఫ్యూరిక్‌లో 25 వోల్టులకి 63 దగ్గర. ఫాస్ఫారిక్‌లో 195 వోల్టులకి 500 దగ్గర, ఆ వోల్టేజ్ జోలికి మీరు వెళ్లకండి, మనిషి ప్రాణానికే ప్రమాదం. 0.3 మోలార్ ఆక్సాలిక్, 40 వోల్టులు, ఇంతకన్నా వేరేది మొదట్లో వద్దు.

ఇప్పుడు అసలు చూడాల్సిన విషయం, కరెంట్ గ్రాఫ్. స్విచ్ వేసిన క్షణంలో మిల్లీ ఆమీటర్ ముల్లు పైకి దూకుతుంది, వెంటనే కొన్ని సెకన్లలో బాగా కిందకి పడిపోతుంది, అక్కడ కాసేపు ఆగి మళ్లీ మెల్లగా పైకి లేచి ఒక దగ్గర నిలబడుతుంది. పడిపోయేటప్పుడు రేకు మీద బెజ్జాల్లేని గట్టి పొర మందమవుతోంది, కరెంట్‌కి దారి మూసుకుపోతోంది. అడుగు తాకి లేచేటప్పుడు ఆ పొరలో బలహీనమైన చోట్ల యాసిడ్ తినడం మొదలుపెట్టింది, బెజ్జాలు పుడుతున్నాయి. నిలబడిందంటే పైన యాసిడ్ తినే వేగం, కింద ఆక్సైడ్ పెరిగే వేగం సమానమయ్యాయి, బెజ్జాలు నిలువుగా లోతుకి పోతున్నాయి. ఆ గ్రాఫ్ చూస్తే లోపల ఏం జరుగుతోందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లేకుండానే తెలిసిపోతుంది. లేచిన తర్వాత నిలబడకుండా ఇంకా ఇంకా పైకి పోతుంటే బాత్, అంటే రేకు ముంచిన యాసిడ్, వేడెక్కుతోందని అర్థం, ఆపెయ్యకపోతే రేకు ఒక మూల కాలిపోతుంది. ప్రతి సెకనుకీ రీడింగ్ తీసుకోండి, ఫోన్‌తో మీటర్‌ని వీడియో తీసి తర్వాత రాసుకున్నా చాలు.

మనవైపు వచ్చే ఇబ్బందులు మూడు. పుస్తకాల్లో ఉండవు ఇవి.

వేడి ఒకటి. బాత్ 20 డిగ్రీల లోపుంటే మంచిది, ఇంకా చల్లగా 5 దగ్గర ఉంటే ఇంకా మంచిది. మే నెలలో మన ల్యాబ్ 38 ఉంటుంది. చిల్లర్ లేదని దిగులు పడక్కర్లేదు, చేపలు, రొయ్యలు ప్యాక్ చేసే తెర్మాకోల్ పెట్టె ఒకటి, ఐస్ ఫ్యాక్టరీ నుంచి ఐసు తెచ్చుకుంటే బీకర్‌ని అందులో కూర్చోబెట్టొచ్చు, నీళ్లు కదులుతూ ఉండటానికి మాగ్నెటిక్ స్టిర్రర్ పెట్టండి. ఐసులో ఉప్పు కలిపితే ఇంకా చల్లబడుతుందని మీకు తెలుసు, కానీ ఆ ఉప్పు ఒక్క చుక్క కూడా బాత్‌లో పడకూడదు. కారణం కిందే చెప్తున్నా.

రెండోది నీళ్లు, మనవైపు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. క్లోరైడ్ అల్యూమినియంకి పరమ శత్రువు. ఆక్సైడ్ పొరని చీల్చుకుని అక్కడక్కడా గుంటలు తవ్వేస్తుంది. డెల్టాలోనే ఒక కాలేజీ పిల్లలు మా దగ్గరికి రేకులు పట్టుకొచ్చారు, కంటికే కనబడేలా నల్లటి చుక్కలు, యాసిడ్ మార్చి చూశారట, కంపెనీ మార్చి చూశారట, చివరికి చూస్తే యాసిడ్ కలిపింది, రేకు కడిగింది డబ్బా నీళ్లతో. తాగడానికి మంచివే అవి, దీనికి పనికిరావు. ఎలా చూసుకోవాలంటే, టెస్ట్ ట్యూబ్‌లో మీ నీళ్లు తీసుకుని సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేయండి. కొంచెం తెల్లగా పొగ కమ్మినా క్లోరైడ్ ఉన్నట్టే. కెమిస్ట్రీ ల్యాబ్‌లో రెండుసార్లు డిస్టిల్ చేసిన నీళ్లు అడిగి తెచ్చుకోండి, అవి కూడా ఇలాగే పరీక్ష చేశాకే వాడండి. మన చేతి చెమటలోనూ క్లోరైడే, గ్లవ్స్ లేకుండా రేకుని ముట్టుకోవద్దు.

మూడోది కరెంటు. వోల్టేజ్ అటూ ఇటూ ఊగితే బెజ్జాల మధ్య దూరం అదే నిష్పత్తిలో మారిపోతుంది, పైన చెప్పిన 2.5 సంఖ్య అదే కదా. చల్లటి బాత్‌లో పొర గంటకి రెండు మూడు మైక్రాన్లే పెరుగుతుంది, 50 మైక్రాన్లు కావాలంటే 17 నుంచి 25 గంటలు నడవాలి. మధ్యలో కరెంటు పోతే కుదరదు, పవర్ సప్లైని యూపీఎస్‌కి తగిలించండి.

రేకు గురించి: వంటింటి ఫాయిల్ వాడొచ్చా అని అందరూ అడుగుతారు. గ్రాఫ్ చూడ్డం నేర్చుకోవడానికి వాడొచ్చు, మెంబ్రేన్‌కి వద్దు. అందులో ఇనుము లాంటి మలినాలుంటాయి, పైగా మందం పది పదిహేను మైక్రాన్లే, మీ పొర తయారయ్యేలోపు లోహమే అయిపోతుంది. 99.99 శాతం పైన శుద్ధమైన రేకు చిన్న ముక్క కొనుక్కుంటే చాలా నమూనాలు వస్తాయి.

పొర పెరిగాక కింద మిగిలిన అల్యూమినియం తీసెయ్యాలి. పాత పేపర్లలో మెర్క్యురిక్ క్లోరైడ్ అని ఉంటుంది, అది ముట్టుకోవద్దు. కాపర్ క్లోరైడ్, పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపినది సరిపోతుంది, బాగా వేడెక్కుతుంది కాబట్టి ఐసు మీదే చేయండి. తీరా చూస్తే కింద బెజ్జాలు మూసుకునే ఉంటాయి, వోల్టుకి సుమారు 1.3 నానోమీటర్ల చొప్పున 50 నానోమీటర్ల గట్టి పొర అడుగున మిగులుతుంది. దాన్ని 5 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ మీద, 30 డిగ్రీల దగ్గర, ఆ మూసినవైపు కిందకి ఉండేలా తేలేసి తెరుస్తాం. ఎప్పుడు తెరుచుకుందో ఊహించుకోకుండా మెంబ్రేన్‌కి రెండు పక్కలా పొటాషియం క్లోరైడ్ నీళ్లు పెట్టి మధ్యమధ్యలో కండక్టెన్స్ చూడండి, తెరుచుకున్నప్పుడు రీడింగ్ ఒక్కసారి ఎగబాకుతుంది. ఇంకా ఉంచితే గోడలు కూడా కరిగి బెజ్జం వెడల్పవుతుంది, సైజు మీకు కావలసినట్టు పెంచుకునే పద్ధతి కూడా అదే. తీసేటప్పుడు పట్టకారుతో నొక్కితే విరిగిపోతుంది, చాలా పెళుసు, ప్లాస్టిక్ రింగ్‌కి అంటించుకుని పట్టుకోవాలి.

రెండు హెచ్చరికలు చెప్పకుండా ముందుకెళ్లను. రేకుని నున్నగా చేయడానికి పెర్క్లోరిక్ యాసిడ్, ఆల్కహాల్ మిశ్రమం అని ప్రతి పేపర్లోనూ రాస్తారు. అది పేలే మిశ్రమం, దానికి తగ్గ ఫ్యూమ్ హుడ్, దగ్గరుండి చూసే అనుభవజ్ఞుడు లేకపోతే ఎమ్మెస్సీ ల్యాబ్‌లో అసలు కలపొద్దు, వరస కొంచెం తగ్గినా ఫర్వాలేదు. రెండోది, రెండుసార్లు ఆనోడైజ్ చేసేవాళ్లు మధ్యలో మొదటి పొరని తీసెయ్యడానికి క్రోమిక్ యాసిడ్ అంటారు. హెక్సావలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. తాగేనీళ్లలో మొత్తం క్రోమియం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. మన కాలేజీల సింక్‌లోది డ్రెయిన్‌లోకి, అక్కడ్నుంచి పంట కాలవలోకి, చెరువులోకి పోతుంది. ఆ నీళ్లే ఎవరో ఒకరు వాడతారు. ఒకసారి ఆనోడైజింగ్‌తోనే సరిపెట్టుకోండి, కాస్త ఎక్కువసేపు నడిపితే అడుగువైపు బెజ్జాలు వాటంతట అవే బాగా సర్దుకుంటాయి. వాడిన యాసిడ్లన్నీ సీసాల్లో పోసి లేబుల్ రాసి పెట్టండి, సింక్‌లో పోయొద్దు.

రెండో దారి: అయాన్ ట్రాక్

పాలికార్బనేట్ లాంటి ఫిల్మ్ మీదకి బరువైన అయాన్‌ని బాగా ఎక్కువ శక్తితో వదిలితే, అది అవతలకి దూసుకుపోతూ దారిపొడుగునా కొన్ని నానోమీటర్ల వెడల్పున పాలిమర్ గొలుసుల్ని తెంపేస్తుంది. ఆ ఫిల్మ్‌ని వేడి సోడియం హైడ్రాక్సైడ్‌లో వేస్తే దెబ్బతిన్న దారి మిగతాదానికన్నా తొందరగా కరిగి బెజ్జమవుతుంది. ఒక అయాన్‌కి ఒక బెజ్జం. 1958లో యంగ్ అనే ఆయన లిథియం ఫ్లోరైడ్ స్ఫటికంలో ఇలా రసాయనంలో కరిగి (దీన్నే ఎచింగ్ అంటాం) ఏర్పడిన గుంటలు చూశాడు, 1960లలో అమెరికాలో ఫ్లెయిషర్, ప్రైస్, వాకర్ దీన్ని ఫిల్టర్ల దాకా తీసుకొచ్చారు. జర్మనీలో డార్మ్‌స్టాట్, రష్యాలో డుబ్నా దీనికి పేరున్న చోట్లు. మనకి ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో 15 యూడీ పెల్లెట్రాన్ అనే అయాన్ యాక్సిలరేటర్ ఉంది, యూనివర్సిటీల వాళ్లు ప్రపోజల్ రాసి బీమ్ టైమ్ అడుగుతారు.

ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ గడువులో బీమ్ టైమ్ దొరకడం కష్టం. కానీ బీమ్ తగిలిన ఫిల్మ్ ఇప్పటికే ఎవరి దగ్గరైనా ఉంటే చిన్న ముక్క అడిగి తెచ్చుకోవచ్చు, ఎచింగ్ మీ దగ్గరే అయిపోతుంది, వాటర్ బాత్ చాలు. మామూలుగా 6 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్, అంటే లీటరుకి 240 గ్రాములు, 60 డిగ్రీలు. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు నీళ్లలో వేస్తే సలసలా వేడెక్కుతుంది, కొంచెం కొంచెంగా వేయండి, కళ్లద్దాలు తప్పనిసరి, యాసిడ్ కన్నా ఇది కంటికి ఎక్కువ చేటు. ఎచింగ్‌కి ముందు అల్ట్రావయొలెట్ కింద ఉంచితే ట్రాక్ ఇంకా తొందరగా కరుగుతుంది, బెజ్జం సన్నగా నిటారుగా వస్తుంది.

దీనికీ అల్యూమినియందానికీ తేడా ఏంటంటే, ఇక్కడ అయాన్లు ఎక్కడ పడాలో మన చేతిలో లేదు, యాదృచ్ఛికం. చదరపు సెంటీమీటరుకి 10 కోట్ల అయాన్లు, 100 నానోమీటర్ల బెజ్జాలు అనుకుంటే మొత్తం వైశాల్యంలో బెజ్జాలు 0.8 శాతమే. నీళ్లు ఎక్కువ రావాలని అయాన్లు పది రెట్లు పెంచితే 8 శాతం అవుతుంది గానీ రెండు బెజ్జాలు కలిసిపోయే చోట్లు బాగా పెరుగుతాయి, కలిసినచోట అడ్డం రెట్టింపు దాకా పోతుంది. వడపోతకి సైజు మీద నమ్మకం ముఖ్యం కాబట్టి తక్కువ బెజ్జాలే మేలు. ఫిల్మ్ వంగుతుంది, విరగదు, అది దీనికి పెద్ద లాభం.

సిలికాన్ నైట్రైడ్ లాంటి పొరలో ఒకే ఒక్క బెజ్జం పెట్టి డీఎన్‌ఏని దారంలా లాగి చదివే పని గురించి కూడా మీరు రాశారు. ఆ బెజ్జం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బీమ్‌తో గానీ అయాన్ బీమ్‌తో గానీ పెట్టాలి, 2001లో అమెరికాలోని హార్వర్డ్‌లో, 2003లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో పెట్టి చూపించారు. 2014లో కెనడాలో ఒట్టావా వాళ్లు పొరకి రెండు పక్కలా వోల్టేజ్ పెట్టి, పొర తట్టుకోలేని దాకా ఉంచి బెజ్జం పెట్టే పద్ధతి చూపించాక ఖర్చు బాగా తగ్గింది. అయినా పల్చటి నైట్రైడ్ పొర కొనాలి, నానో ఆంపియర్లు కొలవాలి. పీహెచ్‌డీకి వచ్చాక చూసుకోండి.

రుజువు చేయడం

ఇప్పుడు మొదట్లో చెప్పిన రెండో సగం. మా ల్యాబ్‌లో ఒకమ్మాయి చాలా చక్కటి మెంబ్రేన్ చేసింది, ఎస్‌ఈఎం (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోలో వరసలు చూస్తే ముచ్చటేసింది, 40 నానోమీటర్లు. తీరా బాక్టీరియా ఉన్న నీళ్లు పోస్తే అవతల పక్క ప్లేట్‌లో కాలనీలు లేచాయి. ఫొటో అబద్ధం చెప్పలేదు, ఆ ఫొటో తీసినచోట బెజ్జాలు 40 నానోమీటర్లే. నీళ్లు పక్కనుంచి కారకుండా పెట్టే రబ్బరు 'ఓ రింగ్' నొక్కినచోట కంటికి కనబడని చిన్న బీటు ఉంది.

లెక్క చూడండి. ఒక బెజ్జంలోంచి పోయే నీళ్లు దాని అడ్డం నాలుగో ఘాతం మీద ఉంటాయి. అడ్డం సగమైతే నీళ్లు పదహారో వంతు. 10 మైక్రాన్ల చిల్లు ఒక్కటుందనుకోండి, అది 40 నానోమీటర్లకి 250 రెట్లు. 250 నాలుగో ఘాతం అంటే సుమారు 390 కోట్లు. ఒక్క చిల్లు 390 కోట్ల బెజ్జాలంత నీళ్లు వదిలేస్తుంది. మీ చదరపు సెంటీమీటరులో ఉన్నవే 1150 కోట్లు. అంటే అలాంటి చిల్లు ఒక్కటున్నా మీరు వడకట్టాననుకున్న నీళ్లలో నాలుగో వంతు వడకట్టకుండా వచ్చినవే. ఎస్‌ఈఎంలో మీరు చూసేది చదరపు సెంటీమీటరులో కోట్లో వంతు, ఆ చిల్లు అందులో పడే అవకాశమే లేదు.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన మిషన్ అక్కర్లేదు, బుడగ పరీక్ష చాలు. మెంబ్రేన్‌ని బాగా తడిపి, పైన కొంచెం నీళ్లుంచి, కింద నుంచి గాలి మెల్లగా పెంచండి, సైకిల్ పంపు, ప్రెషర్ గేజ్ ఉంటే చాలు. తడిసిన బెజ్జంలోంచి గాలి రావాలంటే నీటి తలతన్యతని దాటాలి, ఆ ప్రెషర్ అడ్డానికి విలోమంగా ఉంటుంది. 10 మైక్రాన్ల చిల్లయితే 0.3 బార్ దగ్గరే బుడగలొచ్చేస్తాయి, 1 మైక్రాన్‌కి 3 బార్ దగ్గర. 40 నానోమీటర్లకి లెక్క ప్రకారం 70 బార్ దాటుతుంది, అంతకి ముందే మెంబ్రేన్ పగిలిపోతుంది కాబట్టి అటు వెళ్లనక్కర్లేదు, ఒక బార్ లోపల బుడగ రాకపోతే పెద్ద చిల్లులు లేనట్టే. బుడగ ఎక్కడ్నుంచి వచ్చిందో కూడా కంటికి కనబడుతుంది, ఓ రింగ్ దగ్గరా, మధ్యలోనా అని.

దీనితో పాటు నీళ్ల ప్రవాహం కొలవండి, దాంట్లోంచి సగటు అడ్డం వెనక్కి లెక్కగట్టండి, ఎస్‌ఈఎంలో వచ్చిన అడ్డంతో పోల్చండి. రెండూ కలిస్తే మీ మాటకి బలం. ప్రవాహం నుంచి వచ్చింది పెద్దగా ఉంటే చిల్లు, చిన్నగా ఉంటే అడుగున కొన్ని బెజ్జాలు ఇంకా మూసుకునే ఉన్నాయి. ఎస్‌ఈఎంకి పైన బంగారం పూత వేస్తారు, కొన్ని నానోమీటర్లే అయినా బెజ్జం నోరు చిన్నదిగా కనబడుతుంది, పూత మందం ఎంతో అడిగి రాసుకోండి. పైవైపు, అడుగువైపు, విరిచిన అంచు, మూడూ తీయించండి. మీ దగ్గర ఎస్‌ఈఎం లేకపోతే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ (డీఎస్‌టీ) కింద నడిచే సైఫ్ (SAIF) అనే పరికరాల కేంద్రాలు బయటివాళ్ల నమూనాలు ఫీజు తీసుకుని చూస్తాయి, ఎక్కడ ఏ మిషనుందో ఐ స్టెమ్ పోర్టల్‌లో దొరుకుతుంది.

మూడో ప్రశ్నకి జవాబు ఈపాటికి మీకే తెలిసుంటుంది. తలతన్యత, ప్వాజోయ్, డిబై, కండక్టెన్స్, అయాన్ శక్తి నష్టం, ఇవన్నీ మీరు బీఎస్సీ నుంచీ చదువుతున్నవే. కెమిస్ట్రీ వాళ్ల సాయం మాత్రం తీసుకోండి, ముఖ్యంగా యాసిడ్ల దగ్గర.

మీ గైడ్‌కి చెప్పడానికి ఒక ప్లాన్: ఆక్సాలిక్‌లో 30, 40, 50 వోల్టులకి మూడు రకాల మెంబ్రేన్లు, మూడింటికీ కరెంట్ గ్రాఫ్, బుడగ పరీక్ష, ప్రవాహం, తర్వాత డబ్బులు సరిపడినన్ని ఎస్‌ఈఎం ఫొటోలు. చివర్లో ఒక రొయ్యల చెరువు నీళ్లు, ఒక కాలవ నీళ్లు వడకట్టి ముందూ వెనకా బాక్టీరియా కాలనీలు లెక్కపెట్టడం. టీడీఎస్ (నీళ్లలో కరిగున్న లవణాల మొత్తం) కూడా ముందూ వెనకా కొలిచి పట్టికలో పెట్టండి, మారదు, మారలేదని అంకెలతో సహా రాయండి, ఊళ్లో ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది. ఐసు దొరకడం తేలికగా ఉండే నెలల్లో, అంటే డిసెంబర్, జనవరిలో ఆనోడైజింగ్ పూర్తిచేసుకుని కొలతలు తర్వాతకి పెట్టుకోండి. మొదటి గ్రాఫ్ వచ్చాక బాత్ ఉష్ణోగ్రత, రేకు వైశాల్యంతో సహా ఇక్కడే పెట్టండి, ఆ రెండూ లేకుండా గ్రాఫ్ చూసి ఏమీ చెప్పలేనండి.